ఇష్టపూర్వకంగా

బెథెల్ క్రీక్, ఒహాయో
1844 డిసెంబరు 9

అన్నయ్యా,

నువ్వు శాసనసభకు వెళ్లి వారం కాలేదు, అప్పుడే ఊళ్లో నిన్ను గౌరవనీయుణ్ణి చేసేశారు. నిన్న చర్చి దగ్గర పాస్టరు గారి భార్య, మీ గౌరవనీయులైన అన్నగారు కులాసాయేనా అని అడిగింది. మా అన్నకు గౌరవం కంటే ముందు ఉన్ని మేజోళ్లు అవసరం, ఒక జత అల్లుతున్నానని చెప్పాను. ఈ ఉత్తరంతోపాటు అవీ వస్తాయి. వేసుకో, దాచుకోకు.

ఇక అసలు సంగతి. మీ బావ ఏసా మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అయోవా. అక్కడ నేల నల్లగా ఉంటుందట, రాయన్నది తగలదట, నాగలి దానంతటదే నడుస్తుందట. దూరపు కొండలు నునుపు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పోయినసారి ఇండియానా గురించీ ఇలాగే చెప్పాడు. పదకొండేళ్లలో నాలుగిళ్లు మారాం. ఏసా చెడ్డవాడు కాదని నీకూ తెలుసు. తాగడు, చెయ్యెత్తడు, పొలం దున్నుతూ పాడుకుంటాడు. కాలు మాత్రం ఒకచోట నిలవదు.

నాకు మాత్రం ఓపిక అయిపోయింది. ఒక బిడ్డను ఇండియానాలో వాబాష్ నది ఒడ్డున మట్టిలో పెట్టి వచ్చాను, ఇంకో బిడ్డను పెన్సిల్వేనియాలో ఇప్పుడు పేరు కూడా గుర్తులేని ఊళ్లో. వాళ్ల దగ్గరికి ఎలాగూ వెళ్లలేను. నాన్న పోతూ ఈ కొండపొలం, నలభై గొర్రెలు నా పేర రాసినప్పుడు, ఇక్కడే ముసలిదాన్నయి ఇక్కడే పోతానని తేల్చుకున్నాను. తీరా చూస్తే భార్యకు వచ్చింది భర్త చేతికి వచ్చినట్టేనని నువ్వే చెప్పావు. గొర్రెలు ఇవాళే ఆయనవి. పొలం మీద పెత్తనమూ ఆయనదే.

పెళ్లయిన ఆడదానికి పుట్టింటి నుంచి వచ్చింది ఆమెదే అని నువ్వు పెడతానన్న బిల్లు ఎప్పుడు వస్తుంది? తేదీ రాయి. నేను క్యాలెండరులో గీత పెట్టుకోవాలి.

నీ చెల్లెలు
తిర్జా


కొలంబస్
1845 జనవరి 6

చెల్లెమ్మా,

మేజోళ్లు అందాయి. వేసుకునే రాస్తున్నాను. ఈ బసలో పొయ్యి ఒకటి, సభ్యులం పద్నాలుగుమందిమి. మంచానికి ఇద్దరం. నా పక్కవాడు రాత్రంతా నిద్రలో ఉపన్యాసాలు ఇస్తాడు. పగలు సభలో ఇచ్చేవాటికంటే అవే నయం.

తొమ్మిది రోజులుగా కుక్కల పన్ను మీద చర్చ జరుగుతోంది. గొర్రెల్ని చంపే కుక్కలకు పన్ను వేయాలా వద్దా అని. మన జిల్లావాడిగా వేయాలని నేనూ గంటసేపు మాట్లాడాను. నాన్న ఉంటే నవ్వేవాడు. లా చదివి లా చదివి చివరికి కుక్కల మీద వాదించాను.

నీ బిల్లు ఇవ్వాళ ప్రవేశపెట్టాను. అవును, దాన్ని నీ బిల్లు అనే అనుకుంటున్నాను. సభలో మేం డెబ్బై రెండుమందిమి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. మనవైపు ముప్పై ఏడు, అటు ముప్పై అయిదు. అటువైపు పెద్దదిక్కు గిడియన్ వేల్ అనే ఆయన. ఇంటికి ఇద్దరు యజమానులైతే పొయ్యి ఎవరు వెలిగించాలన్నదాని మీదే దావాలు పడతాయని సభలో అందరినీ నవ్వించాడు. భోజనం దగ్గర నాకు ఎదురుగానే కూర్చుంటాడు, బంగాళాదుంపలు అందిస్తాడు. మనిషి మంచివాడు, అభిప్రాయాలే పాతవి.

ఓటింగు ఫిబ్రవరి రెండో వారంలో. గీత పెట్టుకో. బిల్లు నెగ్గుతుంది. మాటిస్తున్నాను.

నీ అన్న
లెమ్యూల్


బెథెల్ క్రీక్
జనవరి 20

అన్నయ్యా,

గొర్రెలు పోయాయి.

స్ట్యూబెన్‌విల్ నుంచి బేరగాడు వచ్చాడు. నేను వెన్న చిలుకుతున్నాను. ఏసా వాకిట్లోకి వచ్చి, మంచి ధర పలికిందే, బండి, రెండు జతల ఎద్దులు వచ్చేస్తాయి అని సంతోషంగా చెప్పాడు. నాకు చెడు చేస్తున్నానని ఆయన మనసులో లేనే లేదు, అదే నా బాధ. చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి మంద గేటు దాటుతోంది. ఇండియానా నుంచి తిరిగొచ్చాక, నాన్న బతికున్నప్పుడే ఆ మంద నా చేతిలో పెరిగింది. ఏ పొట్టేలును ఏ గొర్రెతో జత కట్టించాలో నేనే చూశాను. ఉన్ని మీద వేలు పెట్టి అది ఏ గొర్రెదో చెప్పగలను. బేరగాడి మనిషి వాటిని అంకెలు పెట్టి పిలిచాడు.

చట్ట ప్రకారం ఏసా చేసింది తప్పు కాదు. అందుకే ఎవరి దగ్గరా ఏడవడానికి కూడా లేదు. నీ దగ్గర ఏడుస్తున్నాను.

ఇక మిగిలింది పొలం. విట్‌కమ్ అనే ఆయన కొనడానికి మార్చి మధ్యలో వచ్చి చూస్తాడట. ఈలోగా నీ బిల్లు నెగ్గాలి. నేను అడిగేది అదొక్కటే.

తిర్జా


కొలంబస్
ఫిబ్రవరి 8

చెల్లెమ్మా,

బిల్లు వీగిపోయింది.

నాలుగు రోజులుగా ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ముప్పై అయిదు, ముప్పై అయిదు. సమానమైతే బిల్లు పడిపోయినట్టే లెక్క. కుక్కల పన్ను చర్చ అనుకోకుండా ముగిసిపోవడంతో స్పీకరు మన బిల్లును వారం ముందే పిలిచాడు. మనవైపు ఒకాయన, జీవితంలో ఒక్క గొర్రెనైనా పెంచని మనిషి, ఆ ఉదయమే మనసు మార్చుకున్నాడు. ఇంటి దగ్గర భార్య మాట వినాల్సి వస్తుందని భయమట. ఆయన భార్య ఎవరో తెలిస్తే నేను ఆమెకే ఉత్తరం రాసేవాణ్ణి.

నిరుత్సాహపడకు. చట్టంలో ఒక చిన్న అడ్డుకట్ట ఉంది. నీ సంతకం లేనిదే ఏసా ఆ పొలం అమ్మలేడు. సంతకానికి ముందు మేజిస్ట్రేటు భర్తను బయటికి పంపి, ఇది నీకు ఇష్టమేనా అని నిన్ను విడిగా అడగాలి. అడిగానని కాగితం మీద రాయాలి కూడా. నీ మాటకు అక్కడ విలువ ఉంది.

వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నిస్తాను. ఇక్కడ చలి తగ్గింది. మేజోళ్లు చిరగలేదు.

లెమ్యూల్


బెథెల్ క్రీక్
ఫిబ్రవరి 17

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే పాస్టరు గారింట్లో కొలంబస్ పేపరు చూశాను. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లన్నీ వేశారు. అవునన్నవాళ్లలో నీ పేరు వెతికాను. కనపడలేదు. అచ్చు తప్పేమోనని మళ్లీ చదివాను. తర్వాత సిగ్గు లేకుండా కాదన్నవాళ్లలో కూడా వెతికాను, మన్నించు. అక్కడా లేదు.

నీకు ఆ రోజు జ్వరమా? జ్వరమైతే రాసేవాడివి. పంటినొప్పి వస్తేనే రెండు పేజీలు రాసే మనిషివి.

ఇంకొక మాట. మేజిస్ట్రేటు భర్తను బయటికి పంపి అడుగుతాడని రాశావు. పెళ్లికి ముందు నాలుగేళ్లు నీ ఆఫీసులో నకళ్లు రాశాను కదా. "భర్త సమక్షంలో కాక విడిగా విచారించగా, ఎవరి బెదిరింపూ బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగానే సంతకం చేసినట్టు చెప్పినది" అని నా చేత్తో రెండు వందలసార్లైనా రాసి ఉంటాను. కళ్లు మూసుకుని రాయగలను. ఆ నాలుగేళ్లలో ఒక్క మగాడైనా లేచి వాకిట్లోకి వెళ్లడం నేను చూడలేదు. ఒక్క ఆడదాన్నైనా నువ్వు గానీ మేజిస్ట్రేటు గానీ ఏమైనా అడగడం వినలేదు. నువ్వు చూశావా?

తిర్జా


కొలంబస్
ఫిబ్రవరి 26

చెల్లెమ్మా,

జ్వరం కాదు. సభలోనే ఉన్నాను, నా కుర్చీలోనే.

ఓటింగుకు రెండు రోజుల ముందు రాత్రి భోజనం దగ్గర గిడియన్ వేల్‌కు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. భార్యకు ఊపిరితిత్తుల జ్వరం, ఆశ లేదని. మనిషి చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. వెళ్లాలంటే ఆయన ఓటు పోతుంది, ఉంటే భార్య చివరి చూపు పోతుంది. ఇలాంటప్పుడు మా సభలో ఒక ఆనవాయితీ ఉంది. ఎదుటి పక్షంవాడు ఒకడు, నువ్వు తిరిగొచ్చేదాకా నేనూ ఓటు వేయను, వెళ్లిరా అని మాటిస్తాడు. కాగితం ఉండదు, సాక్షులు ఉండరు. మాటే.

మా పక్షంలో మరెవరూ ముందుకు రాలేదు. నేను ఇచ్చాను. అప్పటికి నా లెక్క ముప్పై ఏడు, ముప్పై అయిదు. ఇద్దరం తప్పుకున్నా బిల్లు నెగ్గుతుందని, ఖర్చు లేని మంచితనమని అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన గుర్రపు బండెక్కుతూ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. ఓటింగు ముందుకు జరిగింది, మనవాడొకడు జారిపోయాడు. గుమాస్తా నా పేరు పిలిచాడు. నేను అవునంటే ముప్పై ఆరు, నెగ్గేది. వెనక నుంచి మా వాళ్లు కోటు పట్టి లాగారు. మాట ఇచ్చి ఉన్నాను, ఓటు వేయడం లేదు అని చెప్పి కూర్చున్నాను. మాట తప్పితే ఎవరూ నన్ను జైల్లో వేసేవాళ్లు కాదు. వేల్ కూడా బహుశా మరిచిపోయేవాడు. నేను మరిచిపోలేను, అంతే.

పశ్చాత్తాపం లేదని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నువ్వు గేటు దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడ్డం నా కళ్లముందు నుంచి పోవడం లేదు. నీకిచ్చిన మాట, అతనికిచ్చిన మాట, రెండూ నావే. ఒకటి నిలిచింది.

నువ్వడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇవాళ రాయలేను.

లెమ్యూల్


బెథెల్ క్రీక్
మార్చి 16

అన్నయ్యా,

తొమ్మిది రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఆ కోపంతో ఏడాదికి సరిపడా సబ్బు కాచేశాను. ముక్కూ మొహం తెలియని ఆయన భార్య కోసం నీ తోడబుట్టినదాన్ని వదిలేశావని గంట గంటకూ అనుకున్నాను. పదో రోజు మన్నించానని అనుకోకు. తీరిక లేకపోయింది. విట్‌కమ్ వచ్చాడు.

పొలం చూశాడు, నచ్చింది. ఏసా నన్ను బతిమాలాడు. రాత్రీ పగలూ బతిమాలాడు. మన ఇద్దరి కోసమే కదే, అక్కడ మొదటి నుంచి మొదలుపెడదాం అంటాడు. నేను వద్దంటే, నీకు భయం అంతే, పోతుంది అంటాడు. నిన్న పొద్దున్న ముగ్గురం మేజిస్ట్రేటు టాడ్ గారింటికి వెళ్లాం.

టాడ్ గారు హడావిడిలో ఉన్నారు. పెరట్లో మేపుల్ చెట్ల రసం పాకానికి పొయ్యి మీద ఉంది, వాళ్లావిడ ఒక్కతీ కలుపుకోలేకపోతోంది. కాగితం బల్ల మీద నా వైపు తిప్పి కలం ఇచ్చారు. కింద ఆ వాక్యం అప్పటికే ఉంది, అచ్చులో. నీ ఆఫీసులో అచ్చు వేయించిన ఫారమే అన్నయ్యా, కింద మూలన నీ పేరు కూడా ఉంది. నా పేరు, తేదీ టాడ్ గారు చేత్తో నింపారు. నేనింకా నోరు తెరవకముందే ఇష్టపూర్వకంగా చెప్పేసి ఉన్నాను.

"టాడ్ గారూ, మీరు నన్నేదో అడిగారని ఇందులో ఉంది. ఇంకా అడగలేదు కదండీ" అన్నాను.

"ఏమడగాలమ్మా? అది రివాజుగా ఉండేదే."

"అయితే రివాజుగానే అడగండి."

ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ వాక్యం చదివారు. పెదాలు కదుపుతూ చదివారు. పంతొమ్మిదేళ్లుగా ఆయన దాని కింద సంతకాలు పెడుతున్నారు, పాపం, అదే మొదటిసారి చదవడం అనుకుంటాను. తర్వాత, ఏసా, కాసేపు వాకిట్లో నిలబడవయ్యా అన్నారు. ఏసా నవ్వి, నాకు తెలియని మాట మా ఆవిడ దగ్గర ఏముంటుందండీ అన్నాడు. ఏమో, నాకూ తెలీదు, కాగితం అలా అంటోంది అన్నారు టాడ్ గారు. ఏసా, విట్‌కమ్ బయటికి వెళ్లారు. కిటికీలోంచి ఏసా టోపీ కనపడుతోంది.

"ఇది నీ ఇష్టంతోనే చేస్తున్నావా అమ్మా?"

కలం బల్ల మీద పెట్టేశాను. పదకొండేళ్ల కాపురంలో బయటివాళ్ల ముందు ఆయనకు ఎదురు చెప్పి ఎరగను. ఆ టోపీ చూస్తే జాలి వేసింది కూడా.

"ఇష్టం లేదండీ" అన్నాను.

"కొట్టాడా? బెదిరించాడా?"

"ఎప్పుడూ లేదు. బతిమాలాడు. అయినా నాకిష్టం లేదు."

టాడ్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కొట్టలేదంటే ఇక వద్దనడానికి కారణమేమిటని వెతుకుతున్నట్టున్నారు. చివరికి, అయితే దీని కింద నేను సంతకం పెట్టలేను అని కాగితం సొరుగులో వేసి, పాకం చూడ్డానికి వెళ్లిపోయారు.

తిరుగుదారి నాలుగు మైళ్లు. ఏసా పాడలేదు. వాగు దాటాక, ఆ మాటేదో ఇంట్లోనే చెప్పొచ్చుగా, నలుగురిలో నా తల తీసేశావు అన్నాడు.

"ఇంట్లో నలభైసార్లు చెప్పాను. మీ చెవికి అది మాటలా వినపడలేదు" అన్నాను.

పొలం ఉంది అన్నయ్యా. నీ బిల్లు లేకుండానే ఉంది. ఇంట్లో మాత్రం గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

తిర్జా


మౌంట్ హోరెబ్
మార్చి 24

చెల్లెమ్మా,

సభలు ముగిసి ఇంటికొచ్చి నిన్న ఆఫీసు తలుపు తీశాను. బల్ల మీద ఆ ఫారాలు ఇంకో వంద ఉన్నాయి.

ముందు ఒక కబురు. సభలు ముగిసేలోగానే వేల్ కొలంబస్‌కు తిరిగొచ్చాడు. ఆయన భార్య బతికింది, ఇంకా లేవలేదు. జరిగింది తెలిసి నా గదికి వచ్చాడు. మీరు ఓటు వేసి ఉన్నా నేనేమీ అనేవాణ్ణి కాదు, వచ్చే ఏడు మాత్రం మీ బిల్లును మళ్లీ వ్యతిరేకిస్తాను అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఏం చేయను, ఆ మనిషి నాకు నచ్చుతాడు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. లేదు, నేనూ చూడలేదు. ఎవరినీ బయటికి పంపలేదు, ఎవరినీ అడగలేదు, అడగమని ఏ మేజిస్ట్రేటుకూ గుర్తు చేయలేదు. నోటిమాట ఒక్కటి నిలబెట్టుకోవడానికి బిల్లునే వదులుకున్నవాణ్ణి, అబద్ధాన్ని వందల కాపీలు అచ్చు వేయించాను. అబద్ధం చెబుతున్నానని కూడా తోచలేదు. అందరూ రాసేదే రాశాను.

అందులో ఒకటి నీకు చెప్పాలి. అమ్మకు వాళ్ల నాన్న ఇచ్చిన వాగు పక్క పచ్చిక నేల గుర్తుందా? అది నాన్న అమ్మినప్పుడు నాకు ఇరవై రెండు. ఆ కాగితం రాసింది నేనే, మా గురువుగారి దగ్గర పని నేర్చుకుంటూ. ఆ డబ్బుతోనే నాకు లా పుస్తకాలు కొన్నారు. నాన్న ఆ గదిలోనే ఉన్నాడు, అమ్మ భుజం పక్కనే. భర్త సమక్షంలో కాక అని నేను రాశాను. అమ్మ చేతులు యాప్రానుకు తుడుచుకుని సంతకం పెట్టింది. ఇష్టమేనా అమ్మా అని నేనడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, ఒక్కసారి కూడా ఆ వాగు వైపు నడిచి వెళ్లలేదు. అది నేను ఇవాళ గుర్తుచేసుకుంటున్నాను.

ఈ పొద్దున ఒక రైతు, భార్య వచ్చారు. ఆయన్ని వాకిట్లోకి పంపాను. గొణుక్కుంటూ వెళ్లాడు. ఆవిడను అడిగాను. నేను కాదంటే ఏమవుతుందండీ అని ఆవిడ నన్నే తిరిగి అడిగింది. ఏమీ కాదమ్మా, నేల మీకే ఉంటుంది అన్నాను. సరే ఇష్టమే అని సంతకం పెట్టింది. నిజంగా ఇష్టమేనో కాదో దేవుడికి తెలియాలి. అడిగానని మాత్రం నిజం రాశాను.

నన్ను మన్నించమని అడగను. అమ్మ సంగతి దాచినందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను.

లెమ్యూల్


బెథెల్ క్రీక్
ఏప్రిల్ 7

అన్నయ్యా,

అమ్మ కాగితం సంగతి నువ్వు దాచలేదు, దాచాననుకున్నావు. దాని మీద సాక్షి సంతకం నాది. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది నువ్వే, మరిచిపోయావు. నాకు పదిహేనేళ్లు. అమ్మ సంతకం పెట్టి తలెత్తి నా వైపు చూసింది. నా దస్తూరీ ఎంత బాగుందో చూస్తోందని మురిసిపోయాను. అదొక్కటీ నేను ఎవరికీ చెప్పలేదు. టాడ్ గారు అడిగినప్పుడు నేను కలం కింద పెట్టేసింది ఏసా వల్ల కాదు. అమ్మ ఏం చెప్పాలనుకుందో నాకు అక్కడ తెలిసింది.

ఏసా మొన్న అయోవాకు బయలుదేరాడు, ఒక్కడే. చూసి, నచ్చితే అక్కడ కొంత దున్ని, చలికాలానికి వస్తానన్నాడు. వస్తాడో రాడో. బండి కట్టాక మెట్ల దగ్గర నిలబడి, నన్ను ఉండమని అనవా అన్నాడు. ఉండమనాలని నాకు ఎంత ఉందో నీకు రాయలేను. "నా మాట కోసం ఉంటే ఎన్నాళ్లుంటారు? మీకిష్టమైతే ఉండండి" అన్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత నా నుదుటి మీద ముద్దుపెట్టి బండెక్కాడు. మలుపు దాకా చూశాను. ఇంట్లోకొచ్చి ఏడ్చాను. సాయంత్రం లేచి కొండ మీద కంచె బాగుచేశాను. పక్కూరి డన్‌లప్ గారు గొర్రెల్ని పెంపకానికి ఇస్తానన్నారు. పుట్టిన పిల్లల్లో సగం వాళ్లకు, సగం నాకు. ఏసా వస్తే ఆ సగం మళ్లీ ఆయనదే అవుతుందని తెలుసు. అయినా పెంచుతాను.

వేల్ గారి భార్య బతికినందుకు సంతోషించాను. మనస్ఫూర్తిగానే, కాకపోతే రెండు రోజులు పట్టింది.

డిసెంబరులో సభ మొదలవగానే బిల్లు మళ్లీ పెట్టు. ఈసారి భోజనాల దగ్గర ఎవరికీ మాట ఇవ్వకు. ఇచ్చావంటే మాత్రం నిలబెట్టుకో.

నీ చెల్లెలు
తిర్జా